శనివారం ఈమ్ ప్రయాణం: హాలు లేదన్నారు, బుధవారంలోపు తేల్చాలి

(షెఫీల్డ్ తెలుగు సంఘంవాళ్ళ ఉత్తరాలు. రాసినవారి పేరుకు బదులు వాళ్ళుండే పేట పేరు ఉంది. ఈమ్ అన్నది ఇంగ్లండులో షెఫీల్డ్ దగ్గరి పల్లె. 1665-66 ప్లేగులో ఊరివాళ్ళు తమ హద్దు తామే మూసుకున్నారు.)

క్రుక్స్, సోమవారం సాయంత్రం 6:10

అందరికీ నమస్కారం. శనివారం భోజనాలకు మనం తీసుకున్న హాలు వాళ్ళు ఇప్పుడే ఫోను చేసి, ఇవ్వలేమన్నారు. అది ఈమ్‌లోది కాదు, దారిలో ఉన్న మరో ఊరిది. దరఖాస్తులో 'సమావేశం' అని మాత్రమే ఉందట. వంట గిన్నెలు ఎన్ని గంటలకు దించుకోవచ్చని నిన్న నేను అడిగేసరికి, నలభై ఆరు మందికి వేడి భోజనం, మైకు, పిల్లల నాట్యం ఉన్నాయని వాళ్ళకు తెలిసింది. కట్టిన 150 పౌండ్లలో 90 తిరిగి ఇస్తారు.

బ్యానరు, మైకు, క్విజ్ ప్రశ్నలు, బహుమతులు, పాయసం అంటూ పోయిన వారం రాసుకున్న పనుల పట్టిక అలాగే ఉంది. దాని సంగతి తరువాత చూద్దాం. బస్సుకు మిగిలిన డబ్బు బుధవారం మధ్యాహ్నంలోపు కట్టాలి. దయచేసి ఈ రాత్రికే తలా ఒక మాట చెప్పండి.

వాక్లీ, సోమవారం సాయంత్రం 6:35

లెక్క చెబుతున్నాను. చేతిలో 310 పౌండ్లు ఉన్నాయి. హాలు నుంచి వచ్చే 90 కలిపితే 400. బస్సు బాకీ 420. అంటే బస్సు ఎక్కితే మ్యూజియం టికెట్లకు ఒక్క పౌండు కూడా మిగలదు, పైగా ఇరవై అప్పు. ఇప్పటికిప్పుడు మళ్ళీ చందా అడగడానికి నాకు మనసు రావడం లేదు. ఈ నెలలోనే ఇద్దరు విద్యార్థులు ఇంటి అద్దె కట్టలేక ఇబ్బంది పడ్డారు.

ఎక్లెసల్, సోమవారం రాత్రి 7:20

పది కిలోల సోనా మసూరి, నాలుగు కిలోల వంకాయలు తెచ్చి పెట్టాను. గుత్తి వంకాయ కూర చల్లారితే రుచి ఉండదు. హాలు లేకపోతే నాకు రేపటికి తెలియాలి.

హిల్స్‌బరో, సోమవారం రాత్రి 9:05

ఈ ప్రయాణం వద్దని నేను మొదటినుంచీ చెబుతున్నాను. అది ప్లేగుకు తుడిచిపెట్టుకుపోయిన ఊరు. ఇళ్ళ ముందు చనిపోయినవారి పేర్ల పలకలు, పొలాల్లో సమాధులు. అలాంటి చోటికి పిల్లలకు మంచి బట్టలు వేసి, పులిహోర పట్టుకుని వెళ్ళడమేమిటి? దేవుడే ఒక దారి చూపించాడు అనుకుని ఎండ్‌క్లిఫ్ పార్కుకు వెళ్దాం. ఖర్చు లేదు, గొడవ లేదు.

క్రుక్స్, సోమవారం రాత్రి 9:30

అన్నయ్యా, దరఖాస్తు ఎవరు నింపారో నేను పై ఉత్తరంలో రాయలేదు. రాయకూడదనే రాయలేదు. 'సమావేశం అని వేస్తే అద్దె తగ్గుతుంది' అన్నది మీరే. ఇప్పుడు దాన్ని దేవుడి మీద పెట్టకండి.

ఈమ్ తుడిచిపెట్టుకుపోయిన ఊరు కాదు. ఈరోజుకీ బడి నడుస్తున్న ఊరు. నేను ఏప్రిల్‌లో అక్కడ ఒక రోజంతా తిరిగి వచ్చాను కాబట్టి చెబుతున్నాను. పచ్చిక దగ్గర టీ దొరుకుతుంది, చర్చి తలుపు తెరిచే ఉంటుంది, చర్చి ఆవరణలో ఎనిమిదో శతాబ్దం నాటి రాతి శిలువ ఎండకూ వానకూ నిలబడి ఉంది. గోడమీద 1775 నాటి నీడ గడియారం ఉంది. 1588లో కొండమీద ఊట నుంచి కాలువలు కట్టి, వీధి పొడుగునా రాతి తొట్లలోకి నీళ్ళు తెచ్చుకున్నారు. ఇంగ్లండులో ఊరందరికీ నీళ్ళు అందిన తొలి ఏర్పాట్లలో అది ఒకటని చెబుతారు. ప్లేగుకు డెబ్బై ఏడేళ్ళ ముందే ఆ ఊరు ఉమ్మడిగా నీళ్ళ గురించి ఆలోచించింది. మన పిల్లలకు నేను చూపించాలనుకున్నవాటిలో ఆ తొట్లు మొదటివి. చేదబావి చుట్టూ పెరిగిన మన తాతల ఊళ్ళ గురించి చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు నాకు ఈ చుట్టుపక్కల కనబడలేదు.

హిల్స్‌బరో, సోమవారం రాత్రి 9:48

సరే, తప్పు నాదే. హాలు పోగొట్టింది నేనే అని అందరూ రాసుకోండి. శనివారం నేను రాను.

డోర్, సోమవారం రాత్రి 10:30

ఇద్దరూ నాకు పిల్లల్లాంటివారు కాబట్టి చనువుతో చెబుతున్నాను, ఈ రాత్రికి ఆపండి.

నేను ఉద్యోగం చేసిన రోజుల్లో ఆ ఊరికి చాలాసార్లు వెళ్ళాను. 1665 వేసవి చివర లండన్ నుంచి దర్జీకి బట్టల పెట్టె వచ్చింది. తడిసి ఉందని జార్జ్ వికార్స్ అనే పనివాడు దాన్ని విప్పి మంట దగ్గర ఆరబెట్టాడు. సెప్టెంబరు మొదటి వారంలోనే అతను పోయాడు. బట్టల్లోని రక్తం పీల్చే చిన్న పురుగులు తెచ్చిన జబ్బని అప్పుడు ఎవరికీ తెలియదు. ప్లేగు క్రిమిని యెర్సిన్ అనే శాస్త్రవేత్త హాంకాంగ్‌లో గుర్తించింది 1894లో. ఏమీ తెలియకుండానే 1666 జూన్‌లో ఊరివాళ్ళు మూడు నిర్ణయాలు తీసుకున్నారు: ఎవరి ఇంట్లో పోయినవారిని ఆ ఇంటివాళ్ళే పూడ్చుకోవాలి, ప్రార్థన చర్చిలో కాకుండా ఆరుబయట లోయలో చేసుకోవాలి, ఎవరూ హద్దు దాటకూడదు. ఆ మాట చెప్పి ఒప్పించినవారు ఇద్దరు. కొత్త మతగురువు మాంపెసన్, మతాచారాల విషయంలో రాజు చట్టానికి తలవంచక 1662లో పదవి పోగొట్టుకున్న పాత గురువు స్టాన్లీ. ఆ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడడానికి కారణం ఒక్కటి కూడా లేదు.

పద్నాలుగు నెలల్లో 260 మంది పోయారు. మాంపెసన్ భార్య కేథరిన్ కూడా ఆ ఆగస్టులోనే పోయింది. ఆవిడ సమాధి చర్చి ఆవరణలో ఉంది. హిల్స్‌బరో అబ్బాయి అడిగింది తప్పు ప్రశ్న కాదు. అక్కడికి ఎలా వెళ్ళాలన్నదే ప్రశ్న. మైకు, నాట్యం నాకూ సరిగా అనిపించలేదు. ముందే చెప్పి ఉండాల్సింది.

బ్రూమ్‌హిల్, సోమవారం రాత్రి 11:15

నేను చిన్నవాణ్ణి, అయినా ఒక మాట. బస్సు వదిలేద్దాం. షెఫీల్డ్ నుంచి గ్రిండిల్‌ఫోర్డ్‌కు రైలుంది. మధ్యలో టోట్లీ సొరంగం దాదాపు మూడున్నర మైళ్ళు, పిల్లలు ఎగిరి గంతులేస్తారు. స్టేషను నుంచి ఈమ్ దాకా నడవగలిగినవాళ్ళం నడుద్దాం. పెద్దవాళ్ళకూ చిన్నపిల్లలకూ నాలుగు కార్లు చాలు. మేము విద్యార్థులం తొమ్మిది మందిమి, టికెట్లు మేమే పెట్టుకుంటాం.

వాక్లీ, మంగళవారం ఉదయం 7:40

అలా అయితే లెక్క మారుతుంది. పిల్లల మ్యూజియం టికెట్లకు సంఘం డబ్బు ఇవ్వగలను. ఆ మ్యూజియం పాత మెథడిస్టు ప్రార్థనాలయంలో 1994 నుంచి నడుస్తోంది, స్వచ్ఛంద సేవకుల చేతుల మీదనే. మనమూ అదే పని చేసేవాళ్ళం కాబట్టి అక్కడ కట్టే డబ్బు నాకు ఖర్చులా అనిపించదు. టీ కూడా ఊళ్ళోనే కొందాం. నలభై ఆరు మందిమి వెళ్ళి, వాళ్ళ పార్కింగు నింపి, మన ఫ్లాస్కుల్లో టీ తాగి వచ్చేయడం బాగుండదు.

ఎక్లెసల్, మంగళవారం ఉదయం 8:15

వంకాయలు మా వీధివాళ్ళకు పంచేస్తాను. పులిహోర, దద్దోజనం, కొబ్బరి పచ్చడి, అంతే. ఎవరి పొట్లం వాళ్ళకు. పాయసం మానేశాను. డోర్ బాబాయిగారికి పులిహోరలో మిరపకాయలు తగ్గించి వేరుగా కడతాను.

క్రుక్స్, మంగళవారం మధ్యాహ్నం 1:05

అక్కడ మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్ అని ఒక పాత భవనం ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో కూలిపని, గనిపని చేసుకునేవాళ్ళు చదువుకోవడానికి కట్టుకున్నది, ఇప్పుడు ఊరందరి హాలు. దాన్ని అడుగుదామా అని అనుకున్నాను. నాలుగు రోజుల ముందు అడిగి ఇబ్బంది పెట్టడం న్యాయం కాదని ఆగాను. వచ్చే ఏడాది ముందుగా, ఉన్నది ఉన్నట్టు రాసి అడుగుదాం. మా ఊరు వేటపాలెం. 1918లో మొదలైన సారస్వత నికేతనం మెట్లమీద కూర్చుని పెరిగినదాన్ని కాబట్టి, ఆ భవనం ముందు నేను కాసేపు నిలబడిపోయాను.

అన్నయ్యా, నిన్న నా మాట కటువుగా వచ్చింది. తప్పు నాదే. మీరు రాకపోతే మీ చిన్నవాడు కూడా రాడు. వాడి పద్యం నా చేతిలో ఉంది.

హిల్స్‌బరో, మంగళవారం రాత్రి 11:50

అక్కయ్యా, కోపం మీ మీద కాదు.

2021 ఏప్రిల్‌లో నాన్నగారు గుంటూరు ఆసుపత్రిలో ఉన్నారు. ఇరవై మూడో తేదీ నుంచి భారతదేశం ఇక్కడివారి కోవిడ్ ప్రయాణాల ఎర్ర జాబితాలోకి వెళ్ళింది. నేను వెళితే తిరిగి వచ్చాక పది రోజులు హోటల్లో ఉండాలి. ఇంట్లో తనకు నెలలు నిండాయి. వెళ్ళలేదు. తమ్ముడు ఫోను పట్టుకుని చూపించాడు, మధ్యలో సిగ్నల్ పోయింది. చిన్నవాడు పుట్టింది ఆ తరువాత పదకొండు రోజులకు. ఈ సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పలేదు.

ఈమ్ గురించి మీరు మొదట రాసినప్పుడు నేను వెతికి చదివాను. ఎమ్మట్ సిడాల్ అనే అమ్మాయి ఈ ఊరిది, ఆమెకు కాబోయే భర్త పక్క ఊరు స్టోనీ మిడిల్టన్‌వాడు. దూరం నుంచే ఒకరినొకరు చూసుకునేవాళ్ళట. ఒకరోజు నుంచి ఆమె రావడం మానేసింది. దారులు తెరిచాక గానీ అతనికి సంగతి తెలియలేదట. అక్కడ చదవడం ఆపేశాను. అందుకే పార్కు అన్నాను.

డోర్, బుధవారం ఉదయం 6:20

నాయనా, చదివాను. సాయంత్రం ఇంటికి వస్తాను. ఇక్కడ ఇంకేమీ రాయను.

ఎక్లెసల్, బుధవారం ఉదయం 7:00

నేను కూడా బాబాయిగారితో వస్తున్నాను.

క్రుక్స్, బుధవారం ఉదయం 10:40

బస్సు వద్దని చెప్పేశాను. కొన్ని మాటలు మాత్రం అందరూ పాటించండి. పేర్ల పలకలున్న ఇళ్ళలో మనుషులు కాపురముంటున్నారు. గేటు తీసి లోపలికి వెళ్ళవద్దు, కిటికీల వైపు ఫోను ఎత్తవద్దు. రైలీ సమాధుల దగ్గర తినడం, ఆడడం వద్దు. ఎలిజబెత్ హాంకాక్ భర్తనూ ఆరుగురు పిల్లలనూ ఎనిమిది రోజుల్లో తన చేతులతోనే పూడ్చుకున్న చోటు అది. అక్కడికి పెద్దపిల్లలు మాత్రమే, అదీ తల్లిదండ్రులు సరేనంటేనే. ఆగస్టు చివరి ఆదివారం ఊరివాళ్ళు స్మారక ప్రార్థన చేసుకుంటారు. ఆ రోజు వాళ్ళది, అందుకే మనం దానికి ముందే ఒక శనివారం ఎంచుకున్నాం.

నాట్యం లేదు, మైకు లేదు. హద్దు రాయి దగ్గర పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో వాక్యం తెలుగులో చదువుతారు, అంతే. రాతిలో తొలిచిన గుంటల్లో వెనిగర్ పోసి, అందులో నాణేలు వేసి, ఊరివాళ్ళు వెనక్కి వెళ్ళిపోయేవారు. బయటివాళ్ళు వచ్చి సరుకులు పెట్టి, నాణేలు తీసుకునేవారు. చాట్స్‌వర్త్ నుంచి డెవన్‌షైర్ ప్రభువు కూడా తిండి పంపాడు. ఎవరు ఏ వాక్యం చదవాలో రాత్రికి పంపుతాను.

డోర్, బుధవారం రాత్రి 9:10

మీ వాక్యాల్లో సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి బోనాల మాట కూడా ఒకటి చేర్చమ్మా. 1813లో అంటువ్యాధి వచ్చినప్పటి మొక్కుతో ఆ బోనాలు మొదలయ్యాయని మా అమ్మ చెప్పేది. ఆషాఢం కదా, పిల్లలకు గుర్తుంటుంది.

బ్రూమ్‌హిల్, గురువారం సాయంత్రం 5:30

శనివారం వాన అంటున్నారు, మధ్యాహ్నం దాకా. నడిచేవాళ్ళు గొడుగు కాదు, టోపీ ఉన్న వాన కోటు తెచ్చుకోండి. కొండదారిలో గొడుగు నిలవదు. ఒక చిక్కు ఉంది. నాలుగు కార్లలో మనుషులు ఎక్కితే పొట్లాల పెట్టెలకు చోటు లేదు. తడిసిన దారిలో అవి మోసుకుని నడవలేం.

హిల్స్‌బరో, గురువారం రాత్రి 8:45

పొట్లాలు నా కారులో వేయండి. ఈమ్‌లో కారు పెట్టడానికి చోటు దొరకదు కాబట్టి కింద స్టోనీ మిడిల్టన్‌లో ఆపుతాను. అటువైపు నుంచి కాలిదారి ఎక్కితే హద్దు రాయి వస్తుంది. మీరు ఈమ్ వైపు నుంచి రండి. పదకొండున్నరకు పెట్టెలతో రాయి దగ్గర ఉంటాను. చిన్నవాణ్ణి మీతో రైలులో పంపుతున్నాను, సొరంగం చూడాలంటున్నాడు.

ఎక్లెసల్, గురువారం రాత్రి 9:00

సరే బాబూ. శనివారం ఉదయం ఏడింటికి మా ఇంటికి రా. మూడు పెట్టెలు, ఒక మజ్జిగ డబ్బా. మజ్జిగ డబ్బా మూత వదులుగా ఉంది, నిలువుగా పెట్టు.