సైన్ బార్ మీద 22°30′ జాబ్: డయల్‌లో 0.046 తేడా ఎందుకు?

గ్రానైట్‌బల్ల:
200 మి.మీ. సైన్ బార్ (రెండు రోలర్ల మధ్య 200 ఉండి, ఒక చివర ఎత్తి కోణం పెట్టే బార్), ఒక రోలర్ కింద 76.537 స్లిప్‌లు (కచ్చితమైన మందం ఉన్న దిమ్మెలు). జాబ్ (కొలిచే ముక్క) పైతలం మీద డయల్ (ఎత్తు తేడా చూపే గేజ్) 80 మి.మీ. నడిపితే, కోణం సరిగ్గా ఉంటే తేడా సున్నా రావాలి, కానీ ఎత్తిన వైపు 0.046 మి.మీ. ఎక్కువ చూపిస్తోంది. బెవెల్ ప్రొట్రాక్టర్‌లో (కోణమానిలో) మాత్రం 22°30′ సరిగ్గా కలుస్తోంది. డ్రాయింగ్‌లో టాలరెన్స్ (అనుమతించే తేడా) ±1′. దేన్ని నమ్మాలి?

వెర్నియర్12:
ప్రొట్రాక్టర్‌ని పక్కన పెట్టండి. దాని వెర్నియర్‌లో 12 గీతలు మెయిన్ స్కేల్ మీద 23 డిగ్రీలకు సమానం. అంటే ఒక్కో గీత 1°55′, 2 డిగ్రీలతో తేడా 5′. 5′ లీస్ట్ కౌంట్ ఉన్న దాంతో ±1′ తేల్చలేం. మీ 0.046ను 80తో భాగించి కోణంలోకి మారిస్తే దాదాపు 2′ వస్తుంది. అది దానికి కనపడదు.

సానరాయి:
జాబ్‌ని రిజెక్ట్ చేసే ముందు అది బార్ మీద సరిగ్గా కూర్చుందో లేదో చూడండి. 60 మి.మీ. అడుగుతలానికి ఒక చివర 0.02 బర్ (అంచున లేచిన లోహపు పొర) ఉంటే చాలు, 1′9″ పోయినట్టే. అంచులన్నీ నూనెరాయితో తేలిగ్గా రుద్ది, తుడిచి, మళ్లీ పెట్టండి. జాబ్ మూలల మీద వేలితో నొక్కితే డయల్ ముల్లు కదిలిందా, అడుగున ఏదో ఉంది.

ఇంకోటి, చాలామంది వదిలేసేది: జాబ్ బార్ పక్క అంచుకి సమాంతరంగా ఉందా? వంకరగా కూర్చుంటే కోణం ఎప్పుడూ తక్కువే కనిపిస్తుంది, మీ డయల్ చెబుతున్నదీ ఆ వైపే. 1 డిగ్రీ వంకరకు 11 సెకన్లే. 3 డిగ్రీలకు మాత్రం 100 సెకన్లు. వంకర మూడింతలైతే తప్పు తొమ్మిదింతలు! పట్టుకోవడం సులువే. డయల్‌ని పొడవునా కాకుండా అడ్డంగా 20 మి.మీ. నడపండి. 1 డిగ్రీ వంకరకే 0.13 తేడా వస్తుంది. అడ్డం సున్నా అయ్యాకే పొడవు రీడింగ్ రాసుకోండి.

మైక్రాన్:
లెక్క సరే: 200 × sin 22°30′ = 200 × 0.38268 = 76.537. (22.30 అని కాలిక్యులేటర్‌లో కొట్టేవాళ్లకు 75.891 వస్తుంది. 30′ అంటే 0.5 డిగ్రీ.) 87 ముక్కల సెట్‌లో 1.007 + 1.03 + 4.5 + 70. రెండు చివరలా 2 మి.మీ. ప్రొటెక్టర్ స్లిప్‌లు (మిగతావాటిని అరుగుదల నుంచి కాపాడేవి) పెడితే 4 తీసేసి, 1.007 + 1.03 + 1.5 + 9 + 60. ముక్కలు పెరిగినా, పల్చటి 0.5 స్లిప్ వాడక్కర్లేదు.

స్లిప్‌లను చేతిలో ఎక్కువసేపు పట్టుకోవద్దు. స్టాక్ (స్లిప్‌ల దొంతర) మాత్రమే 2 డిగ్రీలు వేడెక్కితే 1.8 మైక్రాన్లు పెరుగుతుంది, అంటే 2 సెకన్లు. మీ 2′ ముందు అది లెక్కలోకే రాదు, కాబట్టి ముందు సానరాయి గారు చెప్పినవి చూడండి.

గ్రానైట్‌బల్ల:
అంచులు రుద్దాను. అడ్డంగా డయల్ సున్నా. పొడవునా అదే 0.046.

సానరాయి:
ఇక బార్‌ని అనుమానించాలి. రెండు రోలర్లనూ సర్ఫేస్ ప్లేట్ (చదును బల్ల) మీద ఆనించి బార్ పైతలం మీద డయల్ నడపండి. అక్కడ సున్నా వస్తే తప్పు జాబ్‌దే.

అసలు కోణం కావాలంటే స్టాక్ మార్చండి. మార్పు = 0.046 ÷ 80 × 200 × 0.924 (cos 22°30′) = 0.106. ఎత్తిన వైపు ఎక్కువ చూపిస్తోంది కాబట్టి తగ్గించాలి: 76.431, అంటే 1.001 + 1.43 + 4 + 70. డయల్ సున్నాకి వస్తే జాబ్ కోణం 22°28′. ±1′ దాటింది.

గ్రానైట్‌బల్ల:
బార్ సున్నానే. 76.431 దగ్గర జాబ్ కూడా సున్నా. ఇదే జాబ్‌కి రెండో వైపు 67°30′ ఉంది. బార్‌ని అంత నిలువుగా ఎత్తొచ్చా?

మైక్రాన్:
వద్దు. స్టాక్‌లో 1 మైక్రాన్ తప్పు 22°30′ దగ్గర 1.1 సెకన్లు, 67°30′ దగ్గర 2.7. రోలర్ల మధ్య దూరంలో 2 మైక్రాన్ల తప్పైతే 0.9 సెకన్ల నుంచి 5కి ఎగబాకుతుంది. 45 డిగ్రీలు దాటితే 90లోంచి తీసేసి కొలవండి. మీకైతే అదే 76.537 స్టాక్ పనికొస్తుంది. బార్ మీద యాంగిల్ ప్లేట్ (90 డిగ్రీల L ఆకారపు దిమ్మె) పెట్టి, దాని నిలువు ముఖానికి జాబ్ అడుగుతలాన్ని క్లాంప్ చేయండి. ప్లేట్ 90 డిగ్రీల్ని ముందే చూసుకోండి, అందులో 100 మి.మీ.కి 0.01 తేడా ఉంటే 20 సెకన్లు నేరుగా మీ రీడింగ్‌లో కలిసిపోతాయి.