రొయ్యల ప్లాంటుకి ఆడవాళ్లు వెళ్తే ఇల్లేమవుతుంది?

కొల్లేటి గట్టు:
మా ఆకివీడు వైపు తెల్లారి ఐదున్నరకే ప్లాంటు బస్సు హారన్ కొడుతుంది. తల్లులు ఎక్కి వెళ్లిపోతారు. పిల్లలు తల దువ్వుకోకుండా బడికొస్తారు. డబ్బులొస్తున్నాయి సరే, సంసారం సంగతేంటి?

బి షిఫ్టు:
భీమవరం దగ్గర ప్లాంటులో రొయ్య తలలు తీసే సెక్షన్ నాది. ఐసు నీళ్లలో చేతులు పెట్టాలి, రెండు జతల గ్లౌజులేసుకున్నా వేళ్లు మొద్దుబారతాయి. రొయ్య ముల్లు గుచ్చుకున్న రోజు ఇంటికొచ్చి పచ్చడన్నం కలిపితే మంటకి ప్రాణం పోయినంత పనవుతుంది. మా ఆయన నాకంటే ముందే చెరువుకి మేత వెయ్యడానికి వెళ్తాడు. పిల్లల తల గురించి ఆయన్నెవరూ అడగలేదు.

గోదారి గాలి:
దువ్వెన నాన్న చేతికి ఇమడదు కాబోలు 😀

కొల్లేటి గట్టు:
వెటకారం వద్దండి. 1948 ఫ్యాక్టరీల చట్టం, సెక్షన్ 66 చూడండి. రాత్రి 7 నుంచి పొద్దున 6 వరకు ఆడవాళ్లను పనిలో పెట్టకూడదు. మరి ఐదున్నరకి బస్సేంటి?

ప్లీడరు గుమాస్తా:
బస్సెక్కడం పని కాదు సార్. పైగా 2025 నవంబరులో కొత్త లేబర్ కోడ్‌లొచ్చి ఆ చట్టమే పోయింది. అది ఉన్నప్పుడు కూడా అదే సెక్షన్‌లో చేపల ఫ్యాక్టరీలకు, సరుకు పాడవకుండా, రాష్ట్రం మినహాయింపు ఇవ్వొచ్చనీ ఉండేది. ఒప్పుకున్నవాళ్లకి రాత్రి షిఫ్టు ఇవ్వొచ్చని 2025లో మన రాష్ట్ర కేబినెట్ కూడా నిర్ణయించింది. మీరు అడగాల్సింది ఆ పాత చట్టంలోని సెక్షన్ 48 సంగతి. 30 మందికి మించి ఆడవాళ్లుంటే ఆరేళ్లలోపు పిల్లలకు గది, చూసుకునే మనిషి ఉండాలని అందులో ఉండేది. ఉందా?

కొల్లేటి గట్టు:
గది సంగతి తర్వాత. బస్సు ఐదున్నరకే. రోజూ చూస్తున్నా.

నరసాపురం లేసు:
మా అమ్మ ఇంట్లోనే ఉయ్యాల ఊపుతూ లేసు అల్లింది. ఇల్లు బాగానే ఉంది, కళ్లే పోయాయి. ఏజెంటు ఎంతిస్తే అంత. ప్లాంటులో కనీసం హాజరు ఉంటుంది, పీఎఫ్ ఉంటుంది.

బి షిఫ్టు:
అందరికీ ఎక్కడుందక్కా? మేస్త్రి కింద చేసేవాళ్లకి కిలోకింత అని లెక్క, సరుకు రాకపోతే అదీ లేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసినప్పుడు మాలో చాలామందిని రావద్దన్నారు. ఇంట్లోనే ఉండి శుభ్రంగా జడలేశాం. స్కూలు ఫీజే కట్టలేకపోయాం.

కొల్లేటి గట్టు:
అన్నీ మీకే కష్టాలా? సార్వా ఊడ్పులకి నాకొక్క మనిషి దొరకలేదు. నారు ముదిరిపోయింది.

బి షిఫ్టు:
అదీ సంగతి! ఇంతసేపూ పిల్లల జుట్టు మీద పెట్టి మాట్లాడారు. బాబాయిగారూ, ఊడ్పులు నాలుగు రోజులు, కలుపు నాలుగు రోజులు. మిగతా ఏడాది మేమేం తినాలి? పొలాలు చెరువులు చేసింది మేమా? చెరువు గట్టు మీద ఇద్దరు మగాళ్లుంటే చాలు, మాకు పనేది? పొలం పని పోయాకే బస్సెక్కాం.

కొల్లేటి గట్టు:
నేను తవ్వలేదమ్మా. మా చేనుకి మూడు పక్కలా తవ్వేశారు. ఉప్పు ఊట దిగి గట్టు వారన దుబ్బు కట్టడం లేదు. లీజుకిచ్చినాయన హైదరాబాద్‌లో ఉంటాడు, ఆయన్నేమడుగుతాను?

బి షిఫ్టు:
ఆయన్ని అడగలేక మమ్మల్ని అడుగుతున్నారన్నమాట.

గోదారి గాలి:
గట్టుగారూ, మీరూ లీజుకిచ్చేస్తారా మరి?

కొల్లేటి గట్టు:
వచ్చి అడిగి వెళ్లారు. మా అబ్బాయి ఇచ్చెయ్యమంటున్నాడు.