హెచ్-1బీ మీద వచ్చిన తమ్మునికి పిస్తోలా, రివాల్వరా?

మిర్యాలగూడ తమ్ముడు:
అన్నలకు, అక్కలకు నమస్తే. డల్లాస్‌కు కొత్తగ వచ్చిన, హెచ్-1బీ మీద. మా కాంప్లెక్స్‌ల రాత్రైతె కార్ల అద్దాలు పలగ్గొడుతున్నరు. ఇంట్ల ఒకటుంటె ధైర్యం. గ్లాక్ 19 పిస్తోల్ తీస్కోవాల్నా, స్మిత్ అండ్ వెసన్ చిన్న రివాల్వరా?

దేవరకొండ పెద్దన్న:
రివాల్వరే తమ్మీ. పిస్తోల్‌కున్నట్టు స్లైడ్ (పైన ఎన్కకు జరిగే భాగం) గుంజే పని లేదు, మ్యాగజీన్ (గుండ్లు నింపే డబ్బ) లొల్లి లేదు. ఒక గుండు పేలకపోతె మళ్ల ట్రిగ్గర్ నొక్కు, సిలిండర్ తిరిగి పక్క గుండు వస్తది. పిస్తోలైతె మ్యాగజీన్ అడుగున చరిచి, స్లైడ్ గుంజాలె. అర్ధరాత్రి నిద్ర మొఖంతోటి గవన్ని ఎవనికి యాదుంటయ్?

పాలమూరు అన్న:
పెద్దన్న సగమే చెప్పిండు. ఆ చిన్నదాంట్ల పట్టేటివి 5. గ్లాక్ 19ల 15. రివాల్వర్ ట్రిగ్గర్ 12 పౌండ్ల దాక గట్టిగుంటది, గొట్టం 2 ఇంచులు, గురి ఏడ నిలుస్తది? తేలికుంటదని అల్యూమినియం ఫ్రేముది కొంటె పేల్చినప్పుడల్ల అరచెయ్యి మండుతది.

ఇగ ఇంటి ఓనర్ల సంగతి ఇను. నాకు గ్రీన్ కార్డ్ వచ్చినంక పిస్తోల్ కొన్న. ఏసీ బాగుచెయ్యనీకి వచ్చిన పిలగాడు అల్మారల సేఫ్ చూసి ఆఫీసుల చెప్పిండు. తెల్లారి తలుపుకు కాగితం: లీజుల తుపాకులు నిషేధం, ఇల్లు ఖాళీ చెయ్యి. టెక్సాస్‌ల 2019లనే చట్టం మారింది, చట్టప్రకారం ఉన్న తుపాకిని కిరాయి ఇంట్ల పెట్టుకుంటె ఓనర్ వద్దనలేడు. అది ప్రింటు తీసి మేనేజరమ్మ ముంగట పెట్టిన. నోటీసు వాపస్ తీస్కున్నరు గని, పోయేటప్పుడు కార్పెట్ మరకల పేరు జెప్పి డిపాజిట్ మొత్తం మింగిన్రు. ఆ మరకలు నేను దిగేనాటికే ఉండె! ఇల్లు దిగిన్నాడే ఫోటోలు తియ్యి తమ్మీ.

సూర్యాపేట అక్క:
మీరిద్దరు కలిసి పిలగాన్ని జైలుకు పంపేటట్టున్నరు. హెచ్-1బీ అని ఆయన ముందే చెప్పిండు. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీదున్నోళ్లు తుపాకి గాని, గుండ్లు గాని పెట్టుకోవద్దని ఫెడరల్ చట్టం. 2022 నుంచి శిక్ష 15 ఏండ్ల దాక. దుకాణంల నింపే 4473 ఫారంల వీసా సంగతి సూటిగ అడుగుతరు, అబద్ధం రాస్తె అదింకో కేసు. షూటింగ్ రేంజ్‌ల తుపాకి కిరాయికి తీస్కున్నా అదే లెక్క.

దేవరకొండ పెద్దన్న:
హంటింగ్ లైసెన్స్ ఉంటె నడుస్తది గద చెల్లె. మా ఆఫీసోళ్లు గట్లనే కొన్నరు.

సూర్యాపేట అక్క:
నడుస్తది, ఆ మినహాయింపు ఉన్నది. గని టెక్సాస్ లైసెన్స్ ఆగస్టు 31కి అయిపోతది. కొత్తది తీస్కోకపోతె సెప్టెంబర్ 1 పొద్దుగల్ల లేచేసరికి ఇంట్లున్న తుపాకే నేరం. గ్రీన్ కార్డ్ కోసం లైన్ల నిలబడ్డోనికి గింత తిప్పలెందుకు? కార్ల ల్యాప్‌టాప్ బ్యాగు ఇడిసిపెట్టకుంటె సగం అద్దాలు పలగవు.

దేవరకొండ పెద్దన్న:
పాలమూరాయనకు ఒక్క మాట. మ్యాగజీన్ తీసినంక గూడ పిస్తోల్ గొట్టంల ఒక గుండు మిగులుతది. ఖాళీ అనుకొని నొక్కి ప్రాణాలు తీసినోళ్లున్నరు. రివాల్వర్ల సిలిండర్ తెరిస్తె అన్ని కనవడతయ్.

పాలమూరు అన్న:
స్లైడ్ ఎన్కకు గుంజి లోపల ఏలు పెట్టి చూస్తె పిస్తోల్ల గూడ తెలుస్తది. చూడనోనికి ఏదైనా ఒకటే.

మిర్యాలగూడ తమ్ముడు:
కొనను అక్కా. గని మా బావకు గ్రీన్ కార్డ్ ఉన్నది, నేనుండేది ఆయనింట్లనే. ఆయన సేఫ్‌ల ఒకటున్నది.

సూర్యాపేట అక్క:
ఆయనది ఆయన పెట్టుకోవచ్చు. సేఫ్ కోడ్ నీకు చెప్పొద్దను. తెలిస్తె నీ చేతులున్నట్టే లెక్కగట్టొచ్చు.

దేవరకొండ పెద్దన్న:
సేఫ్‌ల ఉన్నది రివాల్వరేనా తమ్మీ?