మెప్మాలో సీవో జాబ్ వచ్చింది, రోజూ పని ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు చెప్పండి

కొత్త_సీవో:
అందరికీ నమస్తే. నేను ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) చేశాను. తెలంగాణలో ఒక చిన్న మున్సిపాలిటీలో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద ఔట్‌సోర్సింగ్ మీద కమ్యూనిటీ ఆర్గనైజర్‌గా, అంటే సీవోగా తీసుకున్నారు, సోమవారం జాయిన్ అవ్వాలి. ఆర్డర్‌లో మహిళా సంఘాల బలోపేతం, పథకాల అమలు, అధికారులు అప్పగించే ఇతర పనులు అని మూడు ముక్కలు రాసి వదిలేశారు. నాన్న ఏమో ఆఫీసు పనే కదా హాయిగా ఉంటుంది అంటున్నారు, మా అత్త వాళ్ల ఊళ్లో ఆర్పీ (రిసోర్స్ పర్సన్), ఆమె ఏమో ముందు మంచి చెప్పులు కొనుక్కోమంటోంది. అసలు రోజంతా ఏం చేయాలి, కొత్త మనిషిని బస్తీలో జనం దగ్గరికి రానిస్తారా? కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్.

ఎనిమిదేళ్లు_సీవో:
చెల్లీ, ఆ మూడో ముక్కే అన్నిటికంటే పెద్దది. మన అసలు పని సంఘాలు, పదిమంది ఆడవాళ్లు ఒక సంఘం, అవన్నీ కలిస్తే స్లమ్ సమాఖ్య, దానిపైన పట్టణ సమాఖ్య, స్లమ్ సమాఖ్యల్ని చూసే ఆర్పీలతో పని చేయించేది మనం. కానీ నాకు వారంలో దానికి దొరికింది రెండు రోజులే. మిగతా రోజులు తడి చెత్త పొడి చెత్త వేరు చేయమని ఇంటింటికీ చెప్పడం, మార్చి వస్తే ఇంటి పన్ను కోసం బిల్ కలెక్టర్ల వెంట తిరగడం, వానాకాలం మొక్కలు పంచడం, పింఛన్ల ఎంక్వైరీ, ఓటర్ లిస్టు. 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా ప్రభుత్వ పథకాల కోసం ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్నప్పుడు ఫారం నింపలేని ముసలివాళ్లకి మేమే రాసిపెట్టాం, 2024 నవంబర్‌లో మళ్లీ ఇంటింటి కుటుంబ సర్వే.

జనం రానిస్తారా అన్నావు కదా, ఒకటి చెప్తా. 2020లో పీఎం స్వనిధి కొత్తగా వచ్చింది, వీధి వ్యాపారులకి 10,000 లోన్, సక్రమంగా కడితే వడ్డీలో 7 శాతం వెనక్కి ఇస్తారు (తర్వాత విడతలు 20,000, 50,000 ఉండేవి, 2025లో మొదటిది 15,000, రెండోది 25,000 చేశారు). మేం మెడలో ఐడీ కార్డులు వేసుకుని మార్కెట్‌కి పోతే ఆకుకూరలు అమ్మే ఒక పెద్దమ్మ మమ్మల్ని దూరం నుంచే చూసి, గోనెపట్టా నాలుగు మూలలు దగ్గరికి లాగి మూట కట్టి, తూకం రాళ్లు కొంగులో వేసుకుని వెళ్లిపోయేది. మూడు రోజులు అదే. నాలుగో రోజు కార్డు బ్యాగులో పెట్టి పొద్దున ఐదున్నరకి ఒక్కదాన్నే పోయి తోటకూర కొని పక్కన కూర్చున్నా. అప్పుడు చెప్పింది, అంతకుముందు ఏడాది రోడ్డు ఖాళీ చేయిస్తూ ఆమె తక్కెడ ఎత్తుకుపోయారట, కొత్తది కొనడానికి రోజువడ్డీకి తెచ్చిందట, పొద్దున 900 చేతికిచ్చి సాయంత్రం 1000 తీసుకునే వడ్డీ. తక్కెడ గుంజుకున్నవాళ్లే ఇప్పుడొచ్చి లోన్ ఇస్తామంటే ఆమె ఎందుకు నమ్మాలి?

ఒప్పుకున్నాక ఓటీపీ తంటా. ఆధార్‌కి ఉన్నది కొడుకు నంబర్, అతను హైదరాబాద్‌లో హోటల్లో పని, పొద్దున ఫోన్ ఎత్తడు. మూడుసార్లు టైమ్ అయిపోయింది, చివరికి ఆధార్ సెంటర్‌కి తీసుకుపోయి ఆమె నంబరే ఎక్కించాం. వ్యాపారి గుర్తింపు కార్డు లేదు కాబట్టి మున్సిపాలిటీ నుంచి సిఫారసు లేఖ, బ్యాంకులో రెండుసార్లు రేపు రా, అన్నీ అయ్యి డబ్బు పడేసరికి రెండు నెలలు పట్టింది. ఇంకో మాట, 2014 వీధి వ్యాపారుల చట్టం ఒకసారి చదువుకో, సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఉన్న వ్యాపారుల్ని ఖాళీ చేయించకూడదని అందులో స్పష్టంగా ఉంది. ఆ సంగతి తెలిసిన సీవో ఉంటే బజారులో వాళ్లకి ఎంతో ధైర్యం.

ఆర్పీ_అక్క:
మాది ఆంధ్రా అమ్మా, పేర్లు కొంచెం అటూ ఇటూ అయినా పని ఒకటే. మీటింగ్ టైమ్ మీరు పెట్టకండి, వాళ్లని అడగండి. మా వార్డులో రోజు విడిచి రోజు సాయంత్రం నాలుగున్నరకి కుళాయి వస్తుంది, కొత్తగా వచ్చిన మేడం నాలుగింటికి మీటింగ్ పెట్టారు, ముగ్గురు వచ్చారు, వాళ్లూ బిందెలు గుర్తొచ్చి మధ్యలో లేచిపోయారు.

ఇంకోటి చాలా ముఖ్యం. తీర్మానం పుస్తకంలో ఖాళీ పేజీ మీద సంతకాలు ఎప్పుడూ పెట్టించొద్దు, పెట్టించుకుంటుంటే చూస్తూ ఊరుకోవద్దు. నాకు తెలిసిన సంఘంలో లీడరమ్మ నెలనెలా అందరి దగ్గర కిస్తీలు వసూలు చేసింది, బ్యాంకులో కట్టలేదు, నోటీసు ఇంటికొచ్చేదాకా ఎవరికీ తెలియదు, పాచిపని చేసుకునే ఆడవాళ్లు ఆ అప్పు రెండోసారి కట్టారు. ఆ ఏడుపు నేను చూశాను. పంచసూత్రాలు అని మీకు ట్రైనింగ్‌లో చెప్తారు, క్రమంగా సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి కట్టడం, పుస్తకాలు రాయడం. ఈ ఐదో దానికి అందరూ బద్ధకిస్తారు. నెలకోసారి పాస్‌బుక్‌లో ఎంట్రీ వేయించి, చదువొచ్చిన అమ్మాయి ఎవరైనా ఉంటే అందరూ వినేలా గట్టిగా చదివించండి.

షెల్టర్_కేర్‌టేకర్:
మేడం, నిరాశ్రయుల సర్వే కూడా మీ మీదే పడొచ్చు, అది రాత్రిపూట చేసేది. డిసెంబర్‌లో పదకొండు దాటాక బస్టాండ్, రైల్వే స్టేషన్, గుడి మెట్లు చూడాలి, మగ స్టాఫ్‌ని వెంట పంపమని ముందే అడగండి. షెల్టర్‌కి రమ్మంటే చాలామంది రారు, మొండితనం అనుకోకండి, కారణం అడగండి. ఒక తాత రెండేళ్లు రాలేదు, రిక్షా ఎవడైనా ఎత్తుకుపోతాడని భయం. మేం గేటు లోపల రిక్షా పెట్టుకోనిచ్చాం, ఆ రాత్రే వచ్చి పడుకున్నాడు.

కొత్త_సీవో:
అక్కా, అన్నా, చాలా థ్యాంక్స్, ఆ తక్కెడ సంగతి చదివి నాన్నకి కూడా వినిపించాను. ఒక్క డౌట్, లిస్టుల్లో తమ మనుషుల పేర్లు పెట్టమని లోకల్ లీడర్లు అడిగితే ఏం చేయాలి?

ఎనిమిదేళ్లు_సీవో:
అడుగుతారు చెల్లీ, తప్పకుండా అడుగుతారు. ఎదురు మాట్లాడకు, "దరఖాస్తు ఇవ్వమనండి అన్నా, అర్హత ఉంటే తప్పకుండా రాస్తాం" అను, అంతే. తర్వాత లిస్టు వార్డులో అందరూ చూసేచోట అతికించు, మేం అంగన్‌వాడీ గోడ మీద అతికించేవాళ్లం, అనర్హుల పేరు ఉంటే బస్తీ ఆడవాళ్లే చెప్పేస్తారు, నువ్వు నోరు తెరవక్కర్లేదు. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకి యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులు అని నాలుగు కమిటీలు, ఒక్కోదాంట్లో 15 మంది ఉండాలి. మీ దగ్గర కాగితం మీదే ఉన్నాయా నిజంగా కూర్చుంటున్నాయా కనుక్కో, మహిళల కమిటీ గట్టిగా ఉంటే లిస్టు వాళ్ల ముందు చదివి సంతకాలు తీసుకో.

సోమవారం జాయినింగ్ రిపోర్టు ఇచ్చి ఆర్పీలందరి నంబర్లు రాసుకో. మంగళవారం వాళ్లలో అందరికంటే పాత ఆర్పీతో కలిసి నడిచి బస్తీ మొత్తం తిరుగు, ఆ రోజు ఫారాలు, ట్యాబ్ ఏమీ పట్టుకుపోకు. మీ అత్త చెప్పిన చెప్పులు మాత్రం ఆదివారమే కొనుక్కో.