మిల్లు కుటుంబాల సమాధులు: చుట్టరికాలు రాసుకునుడెట్ల?

ప్రశ్న: వరంగల్ ఆజంజాహి మిల్లు (1934) కార్మికుల కుటుంబాలు తరతరాలు వియ్యమందుకున్నయి. కొన్ని సమాధులు క్రైస్తవుల సమాధుల తోటలో, కొన్ని ఖబ్రస్థాన్‌లో ఉన్నయి. షాబాద్ బండల మీద పాచి. యాసిడ్‌తో కడగొచ్చా? రాళ్ల మీది ఫసలీ (నిజాం కాలపు సర్కారు లెక్క), హిజ్రీ (ముస్లింల చాంద్రమాన లెక్క) ఏండ్లను ఇంగ్లీషు ఏండ్లకు మార్చుడెట్ల?

జవాబు 1: యాసిడ్ వద్దే వద్దు. షాబాద్ బండ సున్నపురాయి, అక్షరాల అంచులే కరిగిపోతయి. బ్లీచింగ్ కూడా వద్దు. రాయిలో ఉప్పు చేరి పెచ్చులూడుతది. మంచినీళ్లతో తడిపి, మెత్తటి నైలాన్ బ్రష్‌తో కింది నుంచి పైకి రుద్దండి. పెచ్చులు లేస్తున్న రాయిని ముట్టకండి. చీకటి పడ్డంక టార్చిని రాయికి ఆనించినట్టు పక్క నుంచి వేస్తే అరిగిన గీత కూడా నీడతో తేలుతది. అక్షరాలు కనబడాలని సుద్ద, పిండి పూయకండి.

జవాబు 2: ఫసలీకి 590 కలపండి: 1343 అంటే 1933-34. హిజ్రీని 0.97తో గుణించి 622 కలపండి: 1353 అంటే 1934. ఏడాది తేడా రావచ్చు. సమాధుల పండుగకు (నవంబరు 2) రంగులేసేటోళ్లు 3ను 8 చేస్తరు. రంగును కాదు, చెక్కుడును నమ్మండి.

జవాబు 3: అసలు చిక్కు పేర్లతోనే. తాత పేరు మనవడికి పెడతరు, మేనరికాల్లో ఒకే మనిషి రెండు దిక్కుల చుట్టమైతడు. అందుకే పేరుకు కాదు, మనిషికో నంబరు ఇయ్యండి. ఆడవాళ్లకు పుట్టింటి పేరు వేరే గడిలో రాయండి, చాలా రాళ్ల మీద అది ఉండదు. పక్కపక్కన ఉన్నంత మాత్రాన చుట్టాలని రాయకండి. ఖాళీ ఉన్నకాడ పూడ్చినవే ఎక్కువ.