క్యాంపస్ పోలీసులు అసలు ఏం చేస్తారు? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

కొత్త_బ్యాచ్
అందరికీ నమస్తే. ఈ ఫాల్‌లో మాస్టర్స్‌కి అమెరికా వచ్చాను. ఓరియెంటేషన్‌లో యూనివర్సిటీ పోలీస్ డిపార్ట్‌మెంట్ నుంచి ఒక ఆఫీసర్ వచ్చి మాట్లాడారు. నడుముకి తుపాకీ, బ్యాడ్జి, బయట పోలీసు కారు, అన్నీ ఉన్నాయి. మన దగ్గర గేటు దగ్గర సెక్యూరిటీ గార్డులు, పెద్ద గొడవైతే ఊళ్లో స్టేషన్ నుంచి పోలీసులు రావడం, ఇంతే కదా. ఉస్మానియాలో పోలీస్ స్టేషన్ ఉన్నా అది నగర పోలీసులదే. అందుకే అడుగుతున్నా. వీళ్లు నిజంగా పోలీసులేనా, లేక యూనివర్సిటీ ఉద్యోగులా? ఏదైనా జరిగితే ఇక్కడి అత్యవసర నంబర్ 911కి చేయాలా, వీళ్లకి చేయాలా? నేను ఉండేది క్యాంపస్ బయట అపార్ట్‌మెంట్‌లో. ఇంట్లోవాళ్లు వార్తలు చూసి రోజూ టెన్షన్ పడుతున్నారు.

పాత_సీనియర్
రెండూ తమ్ముడూ. జీతం ఇచ్చేది యూనివర్సిటీ, అధికారం ఇచ్చేది రాష్ట్ర చట్టం. పోలీస్ అకాడమీలో శిక్షణ పొంది ప్రమాణం చేసిన ఆఫీసర్లయితే నగర పోలీసుల్లాగే అరెస్టు చేయగలరు, టికెట్ రాయగలరు, కేసు దర్యాప్తు చేయగలరు. అయితే అన్ని కాలేజీల్లోనూ ఇలా ఉండదు. కొన్నిచోట్ల ఉన్నది సెక్యూరిటీ డిపార్ట్‌మెంట్ మాత్రమే, వాళ్లకి ఆ అధికారాలు ఉండవు. 2011-12కి న్యాయశాఖ గణాంకాల విభాగం చేసిన సర్వేలో, 2,500 మంది, అంతకు మించి విద్యార్థులున్న నాలుగేళ్ల కాలేజీలు చూస్తే, ప్రభుత్వ కాలేజీల్లో 92 శాతం వాటిలో ప్రమాణం చేసిన పోలీసులున్నారు. ప్రైవేటులో 38 శాతమే. కాబట్టి మీ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో "పోలీస్" అని ఉందా, "పబ్లిక్ సేఫ్టీ" అని ఉందా చూసి ఊరుకోకండి. పబ్లిక్ సేఫ్టీ అన్న పేరుతో పూర్తి పోలీసు శాఖలూ ఉన్నాయి. అరెస్టు అధికారం ఉందా లేదా అన్నది వాళ్ల వార్షిక భద్రతా నివేదికలో రాసి తీరాలి, అందులో చూడండి.

చరిత్ర కూడా కొంచెం చెప్తాను, ఎందుకంటే వీళ్లు ఎందుకున్నారో దానివల్లే అర్థమవుతుంది. మొదటిది యేల్ యూనివర్సిటీ. 1894లో న్యూ హేవెన్ నగరం ఇద్దరు పోలీసులను అక్కడికి కేటాయించింది. విద్యార్థులకూ నగర పోలీసులకూ పడేది కాదు, విద్యార్థుల సంగతి తెలిసినవాళ్లు కావాలనుకున్నారు. తర్వాత చాలాకాలం చాలా క్యాంపస్‌లలో ఈ పని అంటే రాత్రి తలుపులు తాళం వేశారా, ఎక్కడైనా మంట అంటుకుందా చూసే కాపలా పనే. 1966లో ఆస్టిన్‌లో టెక్సస్ యూనివర్సిటీ టవర్ మీద నుంచి జరిగిన కాల్పుల నాటికి అక్కడ సొంత సాయుధ పోలీసులు లేరు. మరుసటి ఏడాదే టెక్సస్ శాసనసభ క్యాంపస్ పోలీసులకు వీలు కల్పించింది.

డెస్క్_డ్యూటీ
నేను మా యూనివర్సిటీ పోలీస్ డిపార్ట్‌మెంట్‌లోనే స్టూడెంట్ ఉద్యోగం చేశాను. ఆన్ క్యాంపస్ ఉద్యోగమే కాబట్టి ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) వాళ్లకి ఇబ్బంది లేదు, సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటల పరిమితి మాత్రం ఉంటుంది.

రోజంతా నేరాలే వస్తాయనుకుంటారు గానీ, అక్కడ కూర్చుంటే తెలుస్తుంది. లిఫ్టులో ఇరుక్కుపోయినవాళ్లు, ల్యాబ్ తాళం పడిపోయి బయట ఉండిపోయినవాళ్లు, హాస్టల్లో వంట పొగకి మోగిన ఫైర్ అలారం, జిమ్‌లో కళ్లు తిరిగి పడిపోయిన అబ్బాయి, పోయిన వాలెట్లు. ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న శనివారం అయితే జనం, ట్రాఫిక్ చూసుకోవడానికే సిబ్బంది అంతా కావాలి. ఎవరైనా ప్రముఖులు ప్రసంగానికి వస్తే బందోబస్తు. నిరసన జరిగితే అక్కడ నిలబడటం. వీటి మధ్యలో దొంగతనాలు, దాడులు, ఎవరో వెంటపడుతున్నారన్న ఫిర్యాదులు.

911 సంగతి. ప్రాణం మీదికి వస్తే, మంట కనిపిస్తే, నేరం జరుగుతూ ఉంటే ఎక్కడున్నా 911కే చేయండి. సెల్‌ఫోన్ నుంచి చేస్తే చాలాచోట్ల అది నగరం లేదా కౌంటీ సెంటర్‌కి వెళ్తుంది, క్యాంపస్ అని తెలిశాక వాళ్లు మాకు బదిలీ చేస్తారు. ఆ బదిలీలో కొన్ని సెకన్లు పోతాయి. కొన్ని యూనివర్సిటీలు క్యాంపస్‌లో ఉన్నప్పుడు నేరుగా తమ అత్యవసర నంబర్‌కే చేయమంటాయి. మీ దాంట్లో ఎలా ఉందో ఓరియెంటేషన్ కాగితాల్లో ఉంటుంది, ఆ పది అంకెల నంబర్ ఈరోజే ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

ఫోన్ చేస్తే ముందు ఎక్కడున్నారో చెప్పండి. మనవాళ్లు జరిగింది మొదటి నుంచి చెప్పుకొస్తారు, "నేను లైబ్రరీ నుంచి వస్తున్నానా, అప్పుడు ఒకతను..." అని. మధ్యలో ఫోన్ కట్ అయితే మాకు చోటే తెలియదు. భవనం పేరు, అంతస్తు, గది నంబర్, తర్వాత విషయం. ఇంకొకటి, పొరపాటున 911 తగిలితే భయపడి కట్ చేయకండి. ఉండి "పొరపాటున నొక్కాను, అంతా బాగానే ఉంది" అని చెప్పండి. కట్ చేస్తే తిరిగి ఫోన్ చేస్తారు, ఎత్తకపోతే మనుషుల్ని కూడా పంపవచ్చు.

ల్యాబ్_నుంచి_లేటు
రాత్రి ల్యాబ్ అయ్యేసరికి చాలా ఆలస్యమయ్యే అమ్మాయిలకు, నిజానికి అబ్బాయిలకు కూడా: ఎస్కార్ట్ సర్వీస్ ఉంటుంది, వాడండి. ఫోన్ చేస్తే ఒక ఆఫీసరో, యూనిఫాం వేసుకున్న స్టూడెంటో వచ్చి పార్కింగ్ దాకా, హాస్టల్ దాకా తోడు నడుస్తారు. కొన్నిచోట్ల వ్యాన్ వస్తుంది, యాప్‌లో బుక్ చేసుకోవచ్చు. మా దాంట్లో డబ్బు తీసుకోరు. "ఇంత చిన్నదానికి పోలీసులకి ఫోన్ ఏంటి" అని మొదట్లో మా రూమ్మేట్స్ అందరికీ మొహమాటమే. వాళ్లు ఏ రోజూ విసుక్కోలేదు.

దారిలో నీలం లైటు ఉన్న స్తంభాలు చూసే ఉంటారు. మీట నొక్కితే డిస్పాచ్‌కి, అంటే కాల్స్ తీసుకుని ఆఫీసర్లని పంపేవాళ్లకి, కలుస్తుంది, మాట్లాడలేకపోయినా ఏ స్తంభమో వాళ్లకి కనిపిస్తుంది. అందరికీ మొబైళ్లు వచ్చాక కొన్ని యూనివర్సిటీలు వీటిని తీసేస్తున్నాయి.

వీధి_అవతల
నేను చెప్పేది కొత్తవాళ్లు తప్పకుండా చదవాలి. మనలో ఎక్కువమంది ఉండేది క్యాంపస్‌కి దగ్గర్లోని అపార్ట్‌మెంట్లలో. క్యాంపస్ పోలీసులు పంపే అలర్ట్‌లు మెయిల్‌లో రాకపోతే మన ఏరియాలో ఏమీ జరగలేదని అనుకుంటాం. అది నిజం కాదు.

1986లో లీహై యూనివర్సిటీలో జీన్ క్లెరీ అనే అమ్మాయిని హాస్టల్ గదిలోనే హత్య చేశారు. ఆ తల్లిదండ్రులు పోరాడితే 1990లో చట్టం వచ్చింది, దాన్నే క్లెరీ చట్టం అంటారు. ఫెడరల్ విద్యార్థి సాయం తీసుకునే ప్రతి కాలేజీ ఏటా అక్టోబర్ 1 లోపు భద్రతా నివేదిక ఇవ్వాలి, అందులో గత మూడేళ్ల నేరాల లెక్కలుండాలి. పోలీసో సెక్యూరిటీ విభాగమో ఉన్నచోట రోజువారీ నేరాల లాగ్ కూడా పెట్టాలి, గత 60 రోజులది ఎవరు అడిగినా పనివేళల్లో చూపించాలి. విద్యార్థి అయి ఉండక్కర్లేదు, కారణం చెప్పక్కర్లేదు. 2007లో వర్జీనియా టెక్‌లో 32 మందిని కాల్చి చంపాక, 2008 సవరణతో అత్యవసర హెచ్చరిక వెంటనే పంపాలన్న నిబంధన కూడా చేరింది.

మంచి చట్టమే. కానీ ఆ లెక్కలు కొన్ని చోట్లకే వర్తిస్తాయి: క్యాంపస్, దానికి ఆనుకుని ఉన్న రోడ్లూ కాలిబాటలూ, యూనివర్సిటీకో గుర్తింపు ఉన్న విద్యార్థి సంఘాలకో చెందిన భవనాలు. రెండు వీధులవతల మన ప్రైవేటు అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో వరసగా కార్ల అద్దాలు పగలగొట్టినా, ఆ నివేదికలోకి ఎక్కవు. మా కాంప్లెక్స్‌లో అదే జరిగింది. ఒక్క మెయిల్ రాలేదు, లీజింగ్ ఆఫీసు కూడా నోరు విప్పలేదు. నగర పోలీసుల క్రైమ్ మ్యాప్ తెరిచి చూస్తే అన్నీ అక్కడ ఉన్నాయి. అద్దెకు తీసుకునే ముందు చూడాల్సింది ఆ మ్యాప్. యూనివర్సిటీ నివేదికలో అంకెలు తక్కువున్నాయని లీజు మీద సంతకం పెట్టకండి.

పాత_సీనియర్
ఇది చాలా ముఖ్యమైన మాట. ఒక్కటి కలుపుతాను. క్యాంపస్ పోలీసుల పరిధి, క్లెరీ లెక్కల పరిధి ఒకటి కావు. కాలిఫోర్నియా యూనివర్సిటీ పోలీసులకు క్యాంపస్ చుట్టూ ఒక మైలు వరకు అధికారం ఉంది. షికాగో యూనివర్సిటీ ప్రైవేటుదైనా వాళ్ల పోలీసులు చుట్టుపక్కల పేటల్లోనూ గస్తీ తిరుగుతారు. కాబట్టి మీ అపార్ట్‌మెంట్‌కి వాళ్లు రావచ్చు, కానీ ఆ నేరం నివేదికలో ఉండకపోవచ్చు. మీ చిరునామాకి ఎవరు వస్తారో డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేసి అడగండి, చెప్తారు.

విజయవాడ_అమ్మ
పిల్లలు మాట్లాడుకునే చోట నేను రాస్తున్నాను, ఏమీ అనుకోకండి బాబూ. మా అమ్మాయి ఫోన్ ఎత్తలేదు, వాట్సాప్‌లో టిక్కు ఒక్కటే పడుతోంది. అక్కడ రాత్రి, ఇక్కడ పగలు. మాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఇక్కడి నుంచి 911 కలవదు కదా. మా మేనల్లుడు యూనివర్సిటీ పోలీసుల మామూలు నంబర్ వెతికి ఇచ్చాడు. ముందు 001 కొట్టి చేస్తే ఎత్తారు. ఆవిడ ఎంత నెమ్మదిగా మాట్లాడిందో. పేరు, పుట్టిన తేదీ, చిరునామా, చివరిసారి ఎప్పుడు మాట్లాడాం, ఆరోగ్య సమస్యలేమైనా ఉన్నాయా అని అడిగింది. అమ్మాయి ఉండేది బయట అపార్ట్‌మెంట్ కాబట్టి నగర పోలీసులకి చెప్పి పంపించారు. దీన్ని వెల్‌ఫేర్ చెక్ అంటారట. ఫోన్ పాడైపోయి పడుకుంది, అంతే. తలుపు తట్టి లేపి, ఇంటికి ఫోన్ చేయమని చెప్పి వెళ్లారు. దానివల్ల పిల్లకి రికార్డు ఏమైనా పడుతుందా అని మాకు ఇంకా బెంగగానే ఉంది.

డెస్క్_డ్యూటీ
ఆంటీ, బెంగ వద్దు. అది అరెస్టు కాదు, కేసు కాదు. ఫలానా టైంకి వెళ్లి చూశాం, క్షేమంగా ఉంది అని కాల్ నోట్‌లో రాసుకుంటారు. మిమ్మల్ని అడిగినవన్నీ ముందే ఒక కాగితం మీద రాసిపెట్టుకుంటే ఇంకా సులువు: అపార్ట్‌మెంట్ నంబర్‌తో సహా పూర్తి చిరునామా, రూమ్మేట్ నంబర్, డిపార్ట్‌మెంట్ పేరు. చాలామంది తల్లిదండ్రుల దగ్గర అపార్ట్‌మెంట్ నంబర్ ఉండదు, అక్కడే ఆలస్యమవుతుంది.

సైకిల్_పోయింది
సైకిల్ కొనగానే క్యాంపస్ పోలీసుల దగ్గర రిజిస్టర్ చేయించండి, సీరియల్ నంబర్ ఫొటో తీసి పెట్టుకోండి. ఆ నంబర్ లేకపోతే దొరికినా మీదని నిరూపించలేరు. పాస్‌పోర్ట్ పోయినా వెంటనే పోలీస్ రిపోర్ట్ తీసుకోండి, కొత్తదానికి దరఖాస్తు చేసేటప్పుడు మన కాన్సులేట్ అడుగుతుంది. రిపోర్ట్ నంబర్ అడిగి రాసుకోవడం మర్చిపోవద్దు.

మౌనంగా_చదివేదాన్ని
ఎప్పుడూ రాయను, ఇది రాయాలనిపించింది. ఒకతను వెంటపడ్డాడు. మెసేజ్‌లు, క్లాసు బయట కాపు కాయడం. పోలీసుల దగ్గరికి వెళ్తే ఇంటికి తెలిసిపోతుందని, వీసా పోతుందని భయపడ్డాను. రెండూ జరగలేదు. స్క్రీన్‌షాట్‌లు, తేదీలు అడిగారు. కేసు పెట్టాలా వద్దా అన్న నిర్ణయం నాకే వదిలారు. పక్కన కూర్చోవడానికి ఒక అడ్వకేట్‌ని పిలిచారు, లాయర్ కాదు, బాధితులకి సాయం చేసే మనిషి. నేను యూనివర్సిటీ టైటిల్ నైన్ ఆఫీసు దారి ఎంచుకున్నాను, లైంగిక వేధింపులు, లింగ వివక్ష ఫిర్యాదులు చూసే ఆఫీసు అది. అతను నన్ను కలవకూడదు, మెసేజ్ పెట్టకూడదు అని వాళ్లు ఉత్తర్వు ఇచ్చారు.

అక్కలకూ చెల్లెళ్లకూ ఒక విషయం. పోలీసులు, టైటిల్ నైన్ వేర్వేరు. ఒకటి నేరం కేసు, ఇంకొకటి యూనివర్సిటీ క్రమశిక్షణ. రెండూ వాడుకోవచ్చు. ఎవరికీ తెలియకుండా ముందు ఒకసారి మాట్లాడాలంటే కౌన్సెలింగ్ సెంటర్‌కి వెళ్లండి. ప్రొఫెసర్‌కో హాస్టల్ ఆర్‌ఏకో (హాస్టల్ బాధ్యత చూసే సీనియర్ విద్యార్థి) చెప్తే చాలా యూనివర్సిటీల్లో వాళ్లు పైకి చెప్పి తీరాలి.

కొత్త_బ్యాచ్
ఇది రాసినందుకు చాలా థ్యాంక్స్ అక్కా. మా బ్యాచ్ అమ్మాయిల గ్రూపులో పెట్టవచ్చా?

మౌనంగా_చదివేదాన్ని
పెట్టు తమ్ముడూ.

హైవే_ఎగ్జిట్
కారు నడిపేవాళ్లకి. పార్కింగ్ టికెట్ సాధారణంగా యూనివర్సిటీ పార్కింగ్ ఆఫీసుది, కట్టకపోతే ఫీజు ఖాతాలో పడుతుంది. కానీ క్యాంపస్ పోలీసు ఆపి స్పీడింగ్ టికెట్ రాస్తే అది నిజమైన రాష్ట్ర టికెట్. గడువులోపు కట్టాలి, లేదా కోర్టులో వాదించుకోవాలి. పట్టించుకోకపోతే వారెంట్ దాకా వెళ్లవచ్చు.

ఆపినప్పుడు మన అలవాటు కొద్దీ కారు దిగి ఆఫీసర్ దగ్గరికి నడిచి వెళ్లకండి. ఇక్కడ దాన్ని ప్రమాదంగా చూస్తారు. కారులోనే ఉండి, చేతులు స్టీరింగ్ మీద పెట్టి, కాగితాలు ఎక్కడున్నాయో చెప్పి తీయండి. తాగి నడపడం విషయంలో మాత్రం అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు. శిక్ష పడకముందే, అరెస్టు ఆధారంగానే వీసా రద్దు చేసిన సందర్భాలున్నాయి. అలాంటిది జరిగితే ముందు ఇమిగ్రేషన్ తెలిసిన లాయర్‌తో మాట్లాడండి.

ఇంకో_వైపు
అందరూ మంచే చెప్తున్నారు, నాది అలా లేదు. మా రూమ్మేట్‌కీ నాకూ పక్కింటివాళ్లతో గొడవైతే వచ్చిన ఆఫీసర్ వాళ్ల మాటే విన్నాడు, నా యాస అర్థం కాలేదని రెండుసార్లు ఆపాడు. తర్వాత తెలిసింది ఏంటంటే ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగవచ్చు, ఫోన్‌లో తెలుగు మనిషిని కలిపే సర్వీసులున్నాయి. ఆఫీసర్ పేరు, బ్యాడ్జి నంబర్ రాసుకుని ఫిర్యాదు ఇవ్వవచ్చు. నేను ఇచ్చాను, సార్జెంట్ పిలిచి బాడీ కెమెరా చూసి రిపోర్ట్ సరిచేయించాడు.

పోలీసు అన్నాక మనవైపే ఉంటాడని అనుకోకూడదు. అనుమానితుడిగా ప్రశ్నిస్తుంటే మౌనంగా ఉండే హక్కు, లాయర్‌ని అడిగే హక్కు మనకీ ఉన్నాయి, పౌరసత్వంతో సంబంధం లేదు. ఇమిగ్రేషన్ విషయం కూడా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. 2025లో ఫ్లోరిడాలో కొన్ని ప్రభుత్వ యూనివర్సిటీల పోలీసు శాఖలు ఫెడరల్ ఇమిగ్రేషన్ సంస్థతో 287(జి) ఒప్పందాలు చేసుకున్నాయి, అంటే ఇమిగ్రేషన్ అధికారుల పనులు కొన్ని ఈ పోలీసులూ చేయవచ్చు. మీ దగ్గర ఎలా ఉందో తెలుసుకుని ఉండండి.

పాత_సీనియర్
న్యాయమైన మాట. దీనికి తోడు మోసాలు కూడా. "పోలీస్ డిపార్ట్‌మెంట్ నుంచి మాట్లాడుతున్నాం, మీ మీద వారెంట్ ఉంది, గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెప్పండి" అని ఫోన్ వస్తే పెట్టేయండి. స్క్రీన్ మీద క్యాంపస్ పోలీసుల నంబరే కనిపించినా సరే, దాన్ని నకిలీ చేయడం సులువు. ఏ పోలీసూ ఫోన్‌లో డబ్బు అడగడు. అనుమానముంటే వెబ్‌సైట్‌లో ఉన్న నంబర్‌కి మీరే తిరిగి చేయండి.

కొత్త_బ్యాచ్
ఈరోజు నాన్-ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చేసి నా చిరునామా చెప్పి అడిగాను. మా వీధి వాళ్ల గస్తీలో ఉందట, కేసు మాత్రం నగర పోలీసులు రాస్తారట. రెండు నంబర్లూ, అపార్ట్‌మెంట్ నంబర్‌తో చిరునామా నాన్నకి పంపాను. చివరిగా ఒకటే డౌట్. పార్టీలో ఎవరైనా ఎక్కువ తాగి స్పృహ తప్పితే, మైనర్లు ఉన్నారని భయపడి ఫోన్ చేయరంటున్నారు. చేసినవాళ్ల మీద కేసు పెడతారా?

డెస్క్_డ్యూటీ
చాలా రాష్ట్రాల్లో, చాలా యూనివర్సిటీల్లో మెడికల్ ఆమ్నెస్టీ ఉంది. సాయం కోసం ఫోన్ చేసి, అక్కడే ఉండి సహకరిస్తే, వయసు రాకుండా తాగినందుకు చర్య ఉండదు, లేదా బాగా తగ్గుతుంది. షరతులు చోటుని బట్టి మారతాయి, మీ స్టూడెంట్ కోడ్‌లో చూడండి. కోడ్ చదివే టైం లేకపోయినా ముందు 911 చేయండి. మనిషిని పక్కకి ఒత్తిగిల్లేలా పడుకోబెట్టి, అంబులెన్స్ వచ్చేదాకా ఒంటరిగా వదలొద్దు.