మా కుక్కకి న్యూటరింగ్ అయినా మార్కింగ్ ఆగట్లేదు, ఇంకేం చేయొచ్చు?

మూడేళ్ల లాబ్రడార్, న్యూటరింగ్ (వృషణాలు తీసే ఆపరేషన్) అయి నాలుగు నెలలు దాటింది. అయినా సోఫా మూల, గేటు పక్క గోడ, కొత్తగా వచ్చిన పార్సిల్ అట్టపెట్టె మీద కాలెత్తి, తన వాసన గుర్తుగా రెండు మూడు చుక్కల మూత్రం చల్లుతూనే ఉన్నాడు. వృషణాలు తీశాక టెస్టోస్టిరాన్ త్వరగానే పడిపోతుంది కానీ, అలవాటు పోవడానికి నెలలు పట్టొచ్చనీ, కొన్ని కుక్కల్లో పూర్తిగా పోదనీ తెలుసు. మూత్ర పరీక్షలో ఇన్ఫెక్షన్ గానీ స్ఫటికాలు గానీ లేవు. పడుకున్నచోట తడి ఉండదు, నేల మీద మడుగు కట్టదు, కాబట్టి ఇది ఆపుకోలేకపోవడం కాదు.

తడిసినచోట ఎంజైమ్ క్లీనర్ (మూత్రం వాసనని విరగ్గొట్టే ద్రవం) బాగా పోసి, పదిహేను నిమిషాలు నాననిచ్చి అద్దుతున్నాం. అక్కడ ఫినాయిల్, బ్లీచ్ వాడట్లేదు, అవి ఎంజైమ్‌ని పనిచేయనివ్వవు. తిట్టడమూ లేదు. తిడితే మానడు, మనం చూడనప్పుడు పోస్తాడు, అంతే.

వీధికుక్కలు గేటు దగ్గరికి వచ్చినప్పుడే ఇది ఎక్కువ. గేటుకి కింద సగం రేకు కొట్టి కనబడకుండా చేస్తే తగ్గుతుందా, లేక వీడు మార్కింగ్ చేయడానికి ఆ కుక్కల వాసన ఒక్కటే సరిపోతుందా? ఆందోళన వల్ల చేసేవాటికి డాక్టర్లు ఫ్లూఓక్సెటిన్ రాస్తారు కదా, మీ కుక్కల్లో ఎన్ని వారాలకి తేడా తెలిసింది, ఆకలి తగ్గిందా? బెల్లీ బ్యాండ్ (మూత్రం పీల్చుకునేలా నడుముకి చుట్టే పట్టీ) మాత్రం చెప్పకండి, తడి బ్యాండ్ కింద చర్మం ఒరుసుకుపోతోంది.